స్టిక్ మొత్తం ఎందుకు మార్చాలి?

నెల్లూరులో నేను తరచూ వెళ్ళే ఒక రిపేరు షాపులో ఈమధ్య విన్న మాట ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. ఇంటర్ చదివే కుర్రాడొకడు వాళ్ళ మామయ్య ఇచ్చిన పాత పీఎస్2 (ప్లేస్టేషన్ 2) గేమ్ కంట్రోలర్ పట్టుకొచ్చాడు. వేలు తీసేసినా ఆటలో మనిషి దానంతట అదే ఎడమ పక్కకి నడిచిపోతున్నాడట. షాపాయన స్టిక్‌ని, అంటే ఆటలో మనిషిని నడిపే చిన్న పుల్లని, బొటనవేలితో అటూ ఇటూ తిప్పి చూసి, "అరిగిపోయుండాదబ్బయా. దీనికి రిపేరేముంటాది, స్టిక్ మొత్తం పీకి కొత్తది ఏసేయాల్సిందే. అంతకన్నా కొత్త కంట్రోలరే కొనుక్కోరాదా, చవగ్గానే దొరకతాయి" అన్నాడు. కుర్రాడు సరేనన్నాడు. ఒక్క స్క్రూ కూడా ఎవరూ విప్పలేదు.

షాపాయన మంచివాడే, పని తెలిసినవాడు. ఆయన చెప్పిన పద్ధతిలోనే ఇప్పుడు దేశమంతా రిపేర్లు నడుస్తున్నాయి. కానీ పాత కంట్రోలర్ల విషయంలో ఈ పద్ధతి సరైంది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ముందు విప్పాలి, ఏ ముక్క అరిగిందో కళ్ళతో చూడాలి, ఆ ముక్క ఒక్కటే మార్చాలి. మిగతాదంతా ఇరవై, ముప్పై ఏళ్ళుగా ఎట్టా పనిచేస్తోందో అట్టాగే పనిచేయనివ్వాలి. స్టిక్ మొత్తం మార్చడం అన్నీ ప్రయత్నించాక చేయాల్సిన పని. దీనికి నా కారణాలు నాకున్నాయి, నా మాటకి ఎదురు వచ్చేవి కూడా ఉన్నాయి. అవన్నీ ఒకచోట రాసుకుందామనే ఈ పోస్టు.

ఎన్64లో అరిగేదంతా ప్లాస్టిక్కే

మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో స్థిరపడ్డాడు. క్రితంసారి ఊరికొచ్చినప్పుడు సూట్‌కేసులో నింటెండో 64 ఒకటి, రెండు కంట్రోలర్లు తెచ్చిపెట్టాడు, అక్కడ వాళ్ళ పిల్లలు ముట్టుకోవడం లేదని. (అమెరికా మెషీను కాబట్టి మన 230 వోల్టులకి నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఎవరికైనా ఇట్లాంటిది వస్తే ముందు ఆ సంగతి చూసుకోండి.) రెండు కంట్రోలర్లలోనూ స్టిక్‌లు ఊగిపోతున్నాయి. వదిలేస్తే నిటారుగా నిలబడకుండా ఒక పక్కకి వాలిపోతాయి. అన్న చూసి "స్ప్రింగ్ పోయిందిరా" అన్నాడు. చాలామంది అనుకునేది అదే.

నిజానికి స్ప్రింగ్ మామూలుగా బాగానే ఉంటుంది. 1996లో వచ్చిన ఈ స్టిక్ లోపల ఉన్న ఏర్పాటు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. స్టిక్ కింది మొన ఒక ప్లాస్టిక్ గిన్నెలో ఆని ఉంటుంది. దాని మీదుగా విల్లులాగా వంగిన రెండు ముక్కలు, ఒకటి నిలువు కదలికకి, ఇంకొకటి అడ్డం కదలికకి. వాటి మధ్యలో ఉన్న గాడిలోంచి స్టిక్ దూరుతుంది. స్టిక్ కదిలితే ఆ ముక్కలు ఊగుతాయి, వాటి చివరనున్న పళ్ళు సన్నటి చీలికలున్న చిన్న చక్రాన్ని తిప్పుతాయి. చక్రానికి ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, ఇంకో పక్క వెలుతురు పసిగట్టే సెన్సార్. ఎన్ని చీలికలు దాటాయో లెక్కపెట్టి స్టిక్ ఎంత వంగిందో కంట్రోలర్ తెలుసుకుంటుంది. పాత బంతి మౌస్‌లు విప్పి చూసినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే.

దీంట్లో నాకు బాగా నచ్చేదేమిటంటే, ఎలక్ట్రానిక్ భాగాలు ఒకదానికొకటి తగలనే తగలవు. వెలుతురుని ఎవరూ అరగదీయలేరు. అరిగేదల్లా గిన్నె, స్టిక్ మొన, ఆ రెండు విల్లు ముక్కల గాడులు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుని సన్నటి తెల్ల పొడి రాలుతుంది, ఆ పొడి గిన్నెలోనే ఉండిపోయి ఉప్పుకాగితంలాగా మిగతాదాన్ని కూడా గీకేస్తుంది. గాడి వెడల్పయ్యేకొద్దీ స్టిక్ ఊగుతుంది కానీ చక్రం తిరగదు. అందుకే మనం ఎంత గట్టిగా నెట్టినా ఆటలో మనిషి పూర్తి వేగంతో పరిగెత్తడు. కొత్త స్టిక్ చివరిదాకా నెడితే కంట్రోలర్ ఆటకి సుమారు 80 నుంచి 85 దాకా అంకె చెబుతుంది. అరిగినది 60 దగ్గరే ఆగిపోవడం మామూలు.

ఆడేవాళ్ళ మొరటుతనం వల్లే అరుగుతుందని అనడం నాకు న్యాయంగా తోచదు. మారియో పార్టీ అని 1998లో వచ్చిన ఆటలో కొన్ని పోటీలు స్టిక్‌ని వీలైనంత వేగంగా గుండ్రంగా తిప్పడమే. పిల్లలు అరచెయ్యి పెట్టి తిప్పి చేతులు బొబ్బలెక్కించుకున్నారు, చివరికి 2000లో అమెరికాలో నింటెండో కంపెనీ ఆడేవాళ్ళకి చేతి తొడుగులు ఇస్తానని ఒప్పుకోవాల్సి వచ్చింది. చర్మమే ఊడొచ్చినచోట ప్లాస్టిక్ గిన్నె ఏం నిలుస్తుంది?

ఇప్పుడు ఆ గిన్నె, ఆ విల్లు ముక్కలు, స్టిక్ విడివిడిగా కొత్తవి చేసి అమ్ముతున్నారు. అసిటాల్ ప్లాస్టిక్‌తో చేసినవి నాకు బాగా కుదిరాయి, ఆ ప్లాస్టిక్కే స్వతహాగా జారుడుగా ఉంటుంది. ఉక్కు గిన్నెలు కూడా ఉన్నాయి కానీ వాటి విషయంలో నాకు అనుమానమే. లోపలి భాగం అద్దంలాగా నునుపు చేసుంటే సరే, లేకపోతే గిన్నె నిలుస్తుంది, స్టిక్ మొన అరిగిపోతుంది. త్రీడీ ప్రింటులో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తీసిన ముక్కలైతే వద్దనే చెబుతాను, పొర మీద పొర వేసిన గరుకుతనం రాపిడికి పనికిరాదు.

పాత పొడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూదితో పూర్తిగా తుడిచి ఈ కొత్త ముక్కలు పెడితే చాలు. ఎల్ఈడీ, సెన్సార్, చక్రాలు, వైర్లు, స్ప్రింగ్, ఏవీ ముట్టుకోనక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్ అవసరమే రాదు. గ్రీజు రాయాలా వద్దా అని చాలాచోట్ల పెద్ద వాదన నడుస్తుంటుంది. పొడి తుడవకుండా గ్రీజు రాస్తే మాత్రం ఆ రెండూ కలిసి సానబట్టే ముద్దలా తయారవుతాయి, దాని గురించి వాదన అక్కర్లేదు. శుభ్రం చేశాక ప్లాస్టిక్‌కి హాని చేయని గ్రీజు గోరంచున వచ్చేంత రాస్తే నష్టం లేదు.

వాల్యూమ్ నాబ్‌కి వచ్చే జబ్బే ఇది

పీఎస్2 సంగతి వేరు. 1997లో వచ్చిన డ్యూయల్‌షాక్ అనే ప్లేస్టేషన్ కంట్రోలర్ దగ్గర్నుంచి ఈ వరసలో వాడేది పొటెన్షియోమీటరు. కార్బన్ పూసిన పట్టీ మీద చిన్న లోహపు ముల్లు జారుతూ ఉంటుంది, ఎంత దూరం జారిందో దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది. పాత రేడియో, టేప్‌రికార్డర్లలో వాల్యూమ్ తిప్పితే కరకరమని చప్పుడొచ్చేది గుర్తుందా? అదే వస్తువు, అదే జబ్బు. స్టోన్‌హౌస్‌పేటలో మా చిన్నప్పుడు ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. ఆ చప్పుడు రాగానే ఆయన వాల్యూమ్ కంట్రోల్ మార్చేసేవాడు కాదు. వెనక మూత విప్పి, రెండు చుక్కలు స్పిరిట్ వేసి, నాబ్‌ని ఈ చివర్నుంచి ఆ చివరికి బాగా తిప్పి, ఆరాక మళ్ళీ వినేవాడు. చప్పుడు పోతే అది దుమ్ము. పోకపోతే పట్టీ అరిగింది, అప్పుడే కొత్తది. ఈ వరసక్రమం ఇప్పటి రిపేరు షాపుల్లో ఎందుకు పోయిందనేదే నా బాధ.

దుమ్మా, అరుగుదలా అని తేల్చుకోవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. మల్టీమీటరు చాలు. ఈ పొటెన్షియోమీటర్లు మామూలుగా 10 కిలో ఓమ్‌లవి. ఒక కాలు మీద, మధ్య కాలు మీద మీటరు పెట్టి స్టిక్‌ని మెల్లగా జరపాలి. బోర్డు మీద ఉండగానే కొలిస్తే అంకె కొంచెం తేడాగా వస్తుంది, పర్వాలేదు, చూడాల్సింది అంకె సాఫీగా పెరుగుతుందా మధ్యలో ఎగిరెగిరి పడుతుందా అన్నది. శుభ్రం చేశాక కూడా ఒకే చోట ఎగురుతుంటే అక్కడ కార్బన్ లేచిపోయినట్టే. అప్పుడు కూడా స్టిక్ మొత్తం తీయనక్కర్లేదు, చాలా మాడ్యూళ్ళలో (స్టిక్, దాని భాగాలన్నీ కలిసున్న సెట్టు) పక్కనున్న చిన్న పొటెన్షియోమీటరు డబ్బీ మూత క్లిప్పులతో ఊడొస్తుంది, లోపలి ముల్లు బిళ్ళని వేరే కంట్రోలర్‌లోంచి తీసి మార్చుకోవచ్చు. అరిగిన పట్టీనే మార్చాలంటే ఆ పక్క మూడు కాళ్ళు మాత్రం సోల్డర్ విప్పితే సరిపోతుంది. ఇప్పటి కంట్రోలర్లలో మొత్తం మాడ్యూల్ పీకాలంటే 14 చోట్ల సోల్డర్ విప్పాలి, అందులో ఒక్క చోట వేడెక్కువై బోర్డు మీది రాగి లేచొస్తే కంట్రోలర్ గతి అంతే.

అసలు స్టిక్ తప్పే కాని సందర్భాలు కూడా ఎన్నో. పొగతోటలో ఉండే ఒక స్నేహితుడి డ్యూయల్‌షాక్ 2లో ఎవరూ నొక్కకుండానే బటన్లు నొక్కుకునేవి, మెనూ దానంతట అదే కదిలేది. అందరూ డ్రిఫ్ట్ అన్నారు, అంటే ముట్టకుండానే స్టిక్ కదిలినట్టు చెప్పే జబ్బు. విప్పితే లోపల బటన్ల తాలూకు సన్నటి ఫిల్మ్‌ని బోర్డుకి నొక్కిపట్టే స్పాంజి ముక్క చితికిపోయి పల్చబడింది. పైన ఒక చిన్న ఫోమ్ టేపు ముక్క పెడితే జబ్బు కుదిరింది. స్టిక్ మార్చి ఉంటే డబ్బూ పోయేది, జబ్బూ మిగిలేది. మన ఎండలకి, ఉక్కకి ఈ స్పాంజి, స్టిక్ మీది రబ్బరు టోపీ రెండూ త్వరగా దిగజారతాయి. రబ్బరు జిగటగా అయి వేలికి అంటుకుంటుంటే జనం స్టిక్ పాడైందంటారు, పోయింది టోపీ మాత్రమే.

ఇంకోటి, డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా తెచ్చి స్టిక్ సందులోకి కొట్టే అలవాటు మానేయాలి. అది ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే కాంటాక్ట్ క్లీనర్ కాదు, నూనె పొర మిగుల్చుతుంది, ఆ పొర దుమ్ముని పట్టుకుంటుంది. నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించి ఇంకా పాడవుతుంది.

ఆట వేరుగా అనిపించడం

ఇక అసలు వాదన. ఎన్64 స్టిక్ తీసేసి దాని స్థానంలో గేమ్‌క్యూబ్ (ఎన్64 తర్వాత వచ్చిన నింటెండో మెషీను) తరహా పొటెన్షియోమీటరు మాడ్యూల్ పెట్టే రెడీమేడ్ భాగాలు చవగ్గా దొరుకుతాయి. పెట్టడం పది నిమిషాల పని, గట్టిగా నిలుస్తుంది, ఊగదు. అన్న తెచ్చిన కంట్రోలర్లలో ఒకదానికి పాత ఏర్పాటునే కొత్త గిన్నెతో బాగుచేశాను, ఇంకోదానికి కావాలనే ఈ మాడ్యూల్ పెట్టాను, పక్కపక్కన పెట్టి చూడాలని.

సూపర్ మారియో 64లో స్టిక్ కొంచెం వంచితే మారియో మునివేళ్ళ మీద నడుస్తాడు, ఇంకొంచెం వంచితే నడక, పూర్తిగా వంచితే పరుగు. నిద్రపోతున్న మొక్కని లేపకుండా దాటాలంటే ఆ మునివేళ్ళ నడకే కావాలి. పాత ఏర్పాటుతో మా అన్న కొడుకు తొందరగానే నేర్చుకున్నాడు. రెండో కంట్రోలర్‌తో అదే పిల్లాడు వేలు కదపగానే మారియో పరుగందుకుంటున్నాడు, మొక్క లేచి కొరుకుతోంది. వాడు నాతో "చిన్నాన్నా, ఈ కంట్రోలర్‌లో మారియో మాట ఇనడంలే" అన్నాడు. ఏ కంట్రోలర్‌లో ఏముందో వాడికి నేను చెప్పలేదు.

ఆట రాసినవాళ్ళు 80, 85 దాకా వెళ్ళే స్టిక్‌ని చేతిలో పట్టుకుని, ఇంత వంపుకి ఇంత నడక అని లెక్క కట్టారు. ఎక్కువ దూరం చెప్పే మాడ్యూల్ పెడితే ఆ లెక్కంతా మొదట్లోనే అయిపోతుంది. కొన్ని మాడ్యూళ్ళలో ఈ తేడాని సరిచేసే చిప్ ఉంటుంది, అవి నయమే, కాదనను. అయినా ఎన్64 స్టిక్ చుట్టూ ఉండే ఎనిమిది పలకల అంచుకి స్టిక్ తగిలేచోట ఆ చిప్ లెక్క కూడా కుదరక మూలల్లో తేడా కొట్టిన మాడ్యూళ్ళు నేను చూశాను.

దీనికి అన్న ఇచ్చిన జవాబు కూడా రాయాలి, ఎందుకంటే అది తీసిపారేసేది కాదు. "ఏందిరా నువ్వు, ఆటే కదా. నేను ఆడిన రోజుల్లో కూడా ఆ స్టిక్ మూడు నెలలకే ఊగేది, మేమంతా ఊగే స్టిక్‌తోనే ఆడినాం. నువ్వు బాగుచేసిన ఈ గట్టి స్టిక్ మాకెవరికీ తెలియదు" అన్నాడు. ఈ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆయన చేతికి గుర్తున్నది అరిగిన స్టిక్. మరి నేను ఎవరి అనుభవాన్ని వెనక్కి తెస్తున్నాను? నా సమాధానం, ఆట తయారైనప్పుడు ఉన్న స్టిక్‌ని. అన్న బాల్యాన్ని తిరిగి తేవడం నా చేతిలో లేదు. కానీ ఆటలో పెట్టిన మునివేళ్ళ నడకని ఇప్పటి పిల్లాడికి అందేలా చేయడం నా చేతిలో ఉంది. గిన్నె కొత్తది, ప్లాస్టిక్ కొత్తది అయినా సరే.

అయస్కాంతం సంగతి

హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేసుకుంటే జన్మలో డ్రిఫ్ట్ రాదు కదా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఒక అయస్కాంతం, దాని దగ్గర సెన్సార్, రెండూ తగలవు కాబట్టి సెన్సార్ అరగదు. నిజమే. ఇదేం కొత్త సంగతి కూడా కాదు, 1996లో సెగా కంపెనీ సాటర్న్ మెషీను త్రీడీ ప్యాడ్‌లో, 1998లో అదే కంపెనీ డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో హాల్ సెన్సార్లే ఉన్నాయి. అంత పాతదైనా 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కంట్రోలర్లలో మళ్ళీ పొటెన్షియోమీటర్లే పెట్టారు. పాత స్విచ్ కంట్రోలర్ జాయ్‌కాన్ డ్రిఫ్ట్ మీద అంత గొడవ జరిగి, 2020లో నింటెండో అధ్యక్షుడు క్షమాపణ చెప్పాక కూడా. కాబట్టి కొత్త కంట్రోలర్ కొనేవాళ్ళు హాల్ స్టిక్ కావాలని అడగడంలో పూర్తి న్యాయం ఉంది.

పాతవాటిలో పెట్టేటప్పుడు మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అయస్కాంతం అరగకపోయినా దాన్ని పట్టుకున్న ఇరుసు, స్ప్రింగ్, స్టిక్ మొన అన్నీ యాంత్రికమైనవే, అవి అరుగుతూనే ఉంటాయి. ఎన్64లో సెన్సార్ అరగలేదు, అయినా స్టిక్ పోయింది కదా. రెండోది, స్టిక్ జరిగేకొద్దీ పాత పొటెన్షియోమీటరులో వోల్టేజీ మారే తీరు, హాల్ సెన్సార్‌లో మారే తీరు ఒకటే ఉండాలని లేదు. మధ్య భాగంలో కొంచెం తేడా ఉన్నా గురి చూసే ఆటల్లో చేతికి తెలిసిపోతుంది.

షాపాయన లెక్క

నేను ఇంటి దగ్గర కూర్చుని తీరిగ్గా చేసే పని షాపులో నడవదని నాకు తెలుసు, ఈ పోస్టులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే విషయం కూడా ఇదే. ట్రంకు రోడ్డు చుట్టుపక్కల షాపు అద్దె కట్టుకుంటూ, పొద్దస్తమానం సెల్‌ఫోన్ డిస్‌ప్లేలు మార్చే మనిషి ఒక పాత కంట్రోలర్ విప్పి, దుమ్ము తుడిచి, మీటరు పెట్టి గంటన్నర కూర్చుంటే ఎంత అడగగలడు? ఆ గంటన్నరకి న్యాయమైన కూలి అడిగితే కొత్త డూప్లికేట్ కంట్రోలర్ ధర దాటిపోతుంది. కస్టమర్ ఇవ్వడు. ఇవ్వనందుకు కస్టమర్ని తప్పుపట్టలేం.

విడిభాగాలు కూడా ఇక్కడ దొరకవు. నెల్లూరు, కావలి, ఒంగోలు, ఎక్కడి నుంచైనా చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌కే పోవాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వారాలు ఎదురుచూడాలి. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది, మంచిదే. కానీ తయారీ ఎప్పుడో ఆగిపోయిన కంట్రోలర్ గిన్నె ఏ పోర్టల్‌లో దొరుకుతుంది? ఇవి చేసేది ఆసక్తి ఉన్న కొందరు మనుషులు, అంతే.

అయినా ఒక మార్గం ఉందనుకుంటాను. ఒకప్పుడు టీవీ మెకానిక్‌లు చెకింగ్ ఛార్జీ అని విడిగా తీసుకునేవాళ్ళు. బాగుచేయించుకున్నా, మానుకున్నా విప్పి చూసినందుకు ఇంత అని. కంట్రోలర్లకి కూడా అదే పెట్టొచ్చు. విప్పి, దుమ్మో, అరుగుదలో, స్పాంజో చెప్పి, ఇట్టా చేస్తే ఇంత, అట్టా చేస్తే ఇంత అంటే నిర్ణయం మనది. షాపాయనతో ఈ మాటే అన్నాను. "చూసినందుకు డబ్బులంటే జనం పోట్లాటకొస్తారు సామీ" అన్నాడు. వస్తారేమో. డాక్టరు దగ్గర ఫీజు కట్టే జనమే కదా, చెప్పి చూడమన్నాను.

మొత్తం మార్చాల్సి వచ్చేవి

కొన్నిటికి నేనే మాడ్యూల్ మార్చేశాను. స్టిక్ కింద నొక్కితే పనిచేసే బటన్ విరిగిపోయినవి, కింద పడి ఇరుసే పగిలినవి, పట్టీ అరిగి సరిపోయే ముక్క ఎక్కడా దొరకనివి. చేతి పట్టు బలహీనంగా ఉన్నవాళ్ళకి స్ప్రింగ్ మెత్తగా ఉండే కొత్త మాడ్యూలే మేలు, అక్కడ పాత అనుభూతి గురించి మాట్లాడటం అర్థం లేని పని. ఇట్లా మార్చినప్పుడు తీసిన పాత మాడ్యూల్‌ని కవర్లో వేసి కంట్రోలర్‌తోపాటే ఇచ్చేస్తాను, రేపు ముక్క దొరికితే వెనక్కి పెట్టుకోవచ్చు.

కొత్త ముక్కలు దొరకనప్పుడు పాత కంట్రోలర్లే మనకు విడిభాగాల దుకాణం. మామూలుగా నడకంతా ఎడమ స్టిక్ మీదే కాబట్టి ఎడమది ముందు పోతుంది, కుడిది బాగానే ఉంటుంది, దాంట్లోని ముల్లు బిళ్ళ ఎడమదానికి పనికొస్తుంది. మన ఇళ్ళల్లో దీనికి ఒక మినహాయింపు ఉంది. 2006లో వచ్చిన క్రికెట్ 07లో బ్యాటింగ్ కుడి స్టిక్‌తోనే, ఆ ఆట ఆడినంతగా మనవాళ్ళు పీఎస్2లో ఇంకోటి ఆడలేదనిపిస్తుంది నాకు. అట్లాంటి ఇంటి నుంచి వచ్చిన కంట్రోలర్ అయితే రెండు స్టిక్‌లకీ మీటరు పెట్టి చూశాకే ముక్క తీసుకోండి.